పర్లాకిమిడి లైట్ రైల్వే

పర్లాకిమిడి లైట్ రైల్వే శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ జంక్షన్ నుండి ఒడిషాలోని పర్లాకిమిడి మీదుగా గుణుపురం వరకు నడచిన నారోగేజి రైలు మార్గము. దీని పొడవు సుమారు 90 కిలోమీటర్లు. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు. నౌపడ - పర్లాకిమిడి భాగము 1900లో ప్రారంభమైనది. పర్లాకిమిడి - గుణుపురం భాగము 1929, 1931 సంవత్సరాలలో రెండు దశలుగా పూర్తయినది. 2004 జూన్‌లో నారోగేజి రైళ్లు ఆగిపోయాయి. అదే మార్గంలో వేసిన బ్రాడ్‌గేజి లైను 2010లో పర్లాకిమిడి వరకు, 2011లో గుణుపురం వరకు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

ప్రధాన రైలు మార్గం తన ఊరికి రాలేదని ఒక జమీందారీ సంస్థానం సొంత ఖర్చుతో వేసుకొన్న చిన్న లైను ఇది. మొదటి పదేళ్లు నష్టాలలో నడచినది. ఆ కారణంగా దీనిని మూసివేసి ఉంటే ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిషాల మధ్య నేటికీ వాడుకలో ఉన్న ఒక రైలు దారి మిగిలేది కాదు. తక్కువ పెట్టుబడితో వేసే తేలికపాటి రైలు మార్గాల మంచిచెడ్డలను తెలుసుకొనుటకు తెలుగు ప్రాంతంలో ఇది చక్కని ఉదాహరణ.

పేరులో "లైట్" అంటే

"లైట్ రైల్వే" అనే మాటకు తేలికపాటి రైలు మార్గమని అర్థం. తేలిక అన్నది ఇక్కడ ప్రధానంగా బరువుకు, ఖర్చుకు సంబంధించిన మాట. ఒక్కొక్క ఇరుసు మీద పడే బరువు తక్కువగా ఉంటే సన్నని పట్టాలు సరిపోతాయి. పట్టాలు సన్ననివైతే వాటి కింద దిమ్మెలు, కంకర, వంతెనల దూలాలు కూడా తక్కువ బలంతో వేయవచ్చు. పట్టాల మధ్య దూరం తక్కువైతే కట్ట వెడల్పు తగ్గుతుంది, అందువలన సేకరించవలసిన భూమి, పోయవలసిన మట్టి తగ్గుతాయి. మలుపులు కూడా ఇరుకుగా తిప్పవచ్చు. కనుక కొండలు, వాగులు అడ్డం వచ్చినచోట తవ్వకుండా చుట్టి పోవచ్చు.

బ్రిటన్‌లో 1896లో లైట్ రైల్వేల చట్టం వచ్చినది. గ్రామీణ ప్రాంతాలలో చవకగా రైలు మార్గాలు వేయుటను సులభం చేయడం ఆ చట్టం ఉద్దేశం. భారతదేశంలో ఈ ఆలోచనకు పేరు తెచ్చినది నేటి మహారాష్ట్రలోని బార్సీ లైట్ రైల్వే. ఎవెరార్డ్ కాల్‌త్రోప్ అనే ఇంజనీరు రూపొందించిన ఆ లైను 1897లో ప్రారంభమైనది. ఇరుసు బరువును ఐదు టన్నులకు పరిమితం చేసి, ఆ బరువును అన్ని ఇరుసులకు సమంగా పంచినట్లయితే రెండున్నర అడుగుల గేజి మీద కూడా గణనీయమైన సరుకును తరలించవచ్చని ఆయన చూపించాడు. బార్సీ లైను తెరచిన మరుసటి సంవత్సరమే, అదే గేజిలో, పర్లాకిమిడి లైను పనులు మొదలయినవి.

నేపథ్యం

పంతొమ్మిదవ శతాబ్దం చివర కోస్తా ఆంధ్రలో పెద్ద మార్పు తెచ్చినది ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. బెజవాడ నుండి కటకం వరకు ఈ మార్గము 1893 - 1896 మధ్య దశలవారీగా ప్రారంభమైనది. విజయనగరం, శ్రీకాకుళం రోడ్, నౌపడ, పలాస వంటి స్టేషన్లు ఈ మార్గంలోనివే. 1901లో దీని దక్షిణ భాగము మద్రాసు రైల్వేకు, 1902లో ఉత్తర భాగము బెంగాల్ నాగపూర్ రైల్వేకు చెందినవి.

ఈ ప్రధాన మార్గము సముద్ర తీరానికి సమీపంగా సాగుతుంది. కొండల వైపు ఉన్న పట్టణాలు దానికి దూరమయ్యాయి. టెక్కలి కొద్ది కిలోమీటర్ల దూరంలో నిలిచిపోయింది. పర్లాకిమిడికి, అతి దగ్గర స్టేషనైన నౌపడకు మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఎడ్లబండి మీద దాటడం ఒక రోజు పని. వర్షాకాలంలో వాగులు పొంగితే అది కూడా వీలుపడదు.

పర్లాకిమిడి అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన పెద్ద జమీందారీ సంస్థానానికి ముఖ్య పట్టణము. తెలుగు, ఒడియా భాషలు రెండూ వినిపించే ఊరు. వ్యావహారిక భాషోద్యమానికి పేరుపొందిన గిడుగు వెంకట రామమూర్తి (1863 - 1940) ఉపాధ్యాయునిగా పనిచేసినది, సవర భాషను అధ్యయనం చేసినది ఇక్కడ నుండే. రైలు వచ్చిన నాటికి ఆయన ఈ పట్టణంలోనే ఉన్నాడు. ఇటువంటి పట్టణాన్ని ప్రధాన మార్గంతో కలుపవలెనని సంస్థానాధిపతులు భావించారు. నౌపడ నుండి సొంత రైలు మార్గము వేయుటకు బ్రిటిష్ ప్రభుత్వ అనుమతి పొందారు.

నిర్మాణం

1898లో పనులు ప్రారంభమయ్యాయి. సుమారు 39 కిలోమీటర్ల మార్గాన్ని రెండేళ్లలో పూర్తిచేశారు. దీనికి ఏడు లక్షల రూపాయలు ఖర్చయినది, అనగా కిలోమీటరుకు సుమారు 18 వేల రూపాయలు. 1900 ఏప్రిల్ 1న మార్గము రాకపోకలకు తెరువబడినది.

బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. పర్లాకిమిడి లైను గేజి దానిలో సగం కన్నా తక్కువ. ప్రధాన మార్గంతో సమానమైన గేజి వేసినట్లయితే బండ్లు నేరుగా పర్లాకిమిడి వరకు వెళ్లగలిగేవి. కాని అంత ఖర్చు ఒక జమీందారీకి తలకు మించిన భారము. నారోగేజిని ఎంచుకోవడంలో లాభము, నష్టము రెండూ కలిసే వచ్చాయి. మార్గము త్వరగా, చవకగా వచ్చింది. అయితే నౌపడలో ప్రతి మూటను ఒక బండి నుండి దించి మరొక బండికి ఎక్కించక తప్పలేదు.

ప్రజలకు తెరవడానికి ముందు

ఏ రైలు మార్గమైనా పట్టాలు వేయగానే ప్రయాణికులకు తెరువరు. భారత రైల్వేల చట్టం, 1890 ప్రకారం ప్రభుత్వము నియమించిన ఇన్‌స్పెక్టరు మార్గాన్ని పరిశీలించి, ప్రయాణికులకు అపాయం లేదని నివేదిక ఇవ్వాలి. ఆ తరువాత ప్రభుత్వ అనుమతితోనే మార్గాన్ని తెరువవలెను. పర్లాకిమిడి స్వతంత్ర సంస్థానం కాదు, బ్రిటిష్ ఇండియాలోని జమీందారీ. కనుక రాజా వేసిన రైలు మార్గానికి కూడా ఈ చట్టమే వర్తించినది. ఖర్చు రాజాదైనా, తెరిచే అనుమతి మాత్రం ప్రభుత్వం చేతిలో ఉండేది.

నేడు కూడా ఇదే పద్ధతి కొనసాగుతున్నది. 1989 నాటి రైల్వేల చట్టం ప్రకారం ఈ బాధ్యత రైల్వే భద్రతా కమిషనర్‌ది. రైళ్లు నడిపేవారే వాటి భద్రతను కూడా ధ్రువీకరించడం సరికాదన్న సూత్రం మీద 1941లో ఈ తనిఖీ విభాగాన్ని రైల్వే బోర్డు నుండి వేరు చేశారు. ప్రస్తుతం ఇది పౌర విమానయాన మంత్రిత్వ శాఖ కింద ఉన్నది.

తనిఖీ సాధారణంగా ఈ క్రమంలో జరుగుతుంది. మొదట కంకర, పట్టాలు మోసే పనిబండ్లు కొత్త మార్గం మీద తిరుగుతాయి. వాటి బరువుకు కట్ట కొంత అణగి గట్టిపడుతుంది. కుంగినచోట మళ్లీ మట్టి, కంకర వేస్తారు. వంతెనల మీద బరువైన ఇంజనును నిలిపి దూలాలు ఎంత వంగుతున్నవో కొలుస్తారు. తరువాత కమిషనర్ మోటారు ట్రాలీ మీద మార్గమంతా ప్రయాణించి వంతెనలు, మలుపులు, గేట్లు, స్టేషన్లు, సిగ్నళ్లు చూస్తాడు. చివరగా ప్రత్యేక రైలుతో వేగ పరీక్ష జరుగుతుంది. వీటన్నిటిని బట్టి ఎంత వేగంతో, ఏ షరతులతో రైళ్లు నడపవచ్చో ఆయన నిర్ణయిస్తాడు.

నగరాలలోని మెట్రో రైళ్లకు 2002 నాటి ప్రత్యేక చట్టం ప్రకారం మెట్రో రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి అవసరం. హైదరాబాదు మెట్రోలో అనుమతులన్నీ పూర్తయిన తరువాత 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభోత్సవం చేసి, కూకట్‌పల్లి వరకు వెళ్లి తిరిగి వచ్చారు. నాగోలు - అమీర్‌పేట - మియాపూర్ మధ్య 30 కిలోమీటర్ల మార్గము మరునాడు, నవంబరు 29న, సామాన్య ప్రయాణికులకు తెరువబడినది. ప్రారంభోత్సవ ప్రయాణం అతిథులకు మార్గాన్ని పరిచయం చేసే వేడుక. మార్గము భద్రమా కాదా అన్నది అంతకు ముందే తేలి ఉంటుంది. అది ప్రజలకు ఉపయోగపడుతుందా లేదా అన్నది తేలుటకు మాత్రం సంవత్సరాలు పడుతుంది. పర్లాకిమిడి లైను చరిత్ర ఈ రెండవ విషయాన్ని స్పష్టంగా చూపుతుంది.

మార్గం

నౌపడ ప్రస్తుతం శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో కలదు. ఇది ఉప్పు పొలాలకు పేరుపొందిన ఊరు. ఇక్కడ హౌరా - చెన్నై ప్రధాన మార్గం నుండి ఈ శాఖ విడిపోయి వాయవ్య దిశగా లోపలికి సాగుతుంది. మొదటి ముఖ్యమైన పట్టణము టెక్కలి. తరువాత పెద్దసాన, తెంబూరు వంటి గ్రామాలను కలుపుతూ మార్గము పాతపట్నం చేరుతుంది.

పాతపట్నం, పర్లాకిమిడి మహేంద్రతనయ నది తీరాన ఉన్న జంట ఊళ్లు. ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో, రెండవది ఒడిషాలో ఉన్నాయి. పర్లాకిమిడి 1992లో ఏర్పడిన గజపతి జిల్లాకు ముఖ్య పట్టణము. ఇక్కడ నుండి మార్గము వంశధార లోయలో ప్రవేశించి కాశీనగర్ మీదుగా రాయగడ జిల్లాలోని గుణుపురం చేరుతుంది. తీరప్రాంతపు వరిపొలాల నుండి సవర గూడేలున్న కొండల అంచు వరకు ఈ ఒక్క మార్గంలో చూడవచ్చు.

నష్టాల నుండి లాభాలకు

ప్రారంభమైన తరువాత పదేళ్ల వరకు ఈ రైలు మార్గము నష్టాలలో నడచినది. 1910 తరువాత స్వల్పంగా లాభాలు రాసాగాయి. 1924-25 తరువాత లాభాలు పెరిగాయి. పెట్టిన పెట్టుబడికి ఫలితం కనబడుటకు సుమారు పాతికేళ్లు పట్టినది.

రైలు మార్గాల లెక్కలలో ఇది అరుదైన విషయం కాదు. బండ్లు నిండినా, ఖాళీగా పోయినా కట్టకు, పట్టాలకు, వంతెనలకు, సిబ్బందికి అయ్యే ఖర్చు చాలావరకు ఒకటే. కనుక రాకపోకలు ఒక స్థాయి దాటే వరకు నష్టం తప్పదు. ఆ స్థాయి దాటిన తరువాత అదనంగా వచ్చే ప్రతి ప్రయాణికుని టిక్కెట్టులో ఎక్కువ భాగం మిగులుతుంది. మార్గము వచ్చిన తరువాత సంతలు, ధాన్యం కొట్లు, బడులు, కచేరీలు స్టేషన్ల వైపు జరుగుటకు కొంత కాలం కావాలి. వర్తకుడు తన బండ్లను మానుకొని సరుకును రైలుకు ఇచ్చుటకు ముందు రైలు ప్రతిరోజు వస్తుందన్న నమ్మకం కలగాలి. ఆ నమ్మకానికి గడువు పెట్టలేము.

ఈ మార్గము మరొక విధంగా కూడా పరిమితమైనది. పర్లాకిమిడి దగ్గర ఆగిపోయినంత కాలం అది ఒకే పట్టణాన్ని ప్రధాన మార్గంతో కలిపే దారి. పట్టణానికి అవతల ఉన్న వంశధార లోయ, ఏజెన్సీ ప్రాంతం దానికి అందలేదు.

గుణుపురం పొడిగింపు

లాభాలు పెరగడంతో మార్గాన్ని గుణుపురం వరకు పొడిగించాలని సంస్థానం నిర్ణయించింది. అప్పటి రాజా కృష్ణచంద్ర గజపతి 1913లో సంస్థాన బాధ్యతలు స్వీకరించినవాడు. ఒడిషా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ప్రముఖుడు, 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని అయినవాడు ఈయనే. పొడిగింపు పనులు రెండు దశలలో, 1929లో ఒకటి, 1931లో రెండవది, పూర్తయ్యాయి.

గుణుపురం అప్పట్లో విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో, జయపురం సంస్థానం పరిధిలో ఉండేది. చింతపండు, కరక్కాయ వంటి అటవీ ఉత్పత్తులకు, కొండ పంటలకు ఇది కూడలి. మైదానం నుండి ఉప్పు, బట్టలు, కిరసనాయిలు కొండలకు చేరవలెను. పొడిగింపుతో ఈ మార్గము పట్టణ శాఖగా మాత్రమే కాక, తీరానికి, కొండలకు మధ్య వాణిజ్య మార్గంగా మారినది.

ఇంజన్లు, నడక

చాలాకాలం ఈ మార్గంలో ఆవిరి యంత్రాలు నడిచాయి. వాటిలో "పి.ఎల్." తరగతికి చెందిన ట్యాంక్ ఇంజన్లు ప్రసిద్ధమైనవి. వీటి చక్రాల అమరికను 0-6-4 అంటారు. ముందు దారిచూపే చక్రాలు ఉండవు, మధ్యలో ఇంజను బలాన్ని పట్టాలకు అందించే ఆరు చక్రాలు, వెనుక బరువు మోసే నాలుగు చిన్న చక్రాలు ఉంటాయి. నీటి తొట్టి, బొగ్గు అర ఇంజను మీదనే ఉండడం వలన ప్రత్యేకంగా టెండరు అవసరం లేదు. చివరి సంవత్సరాలలో డీజిల్ ఇంజన్లు వాటి స్థానంలో వచ్చాయి. ఆగిపోయిన ఆవిరి యంత్రాలలో కొన్నిటిని రైల్వే శాఖ ప్రదర్శనకు భద్రపరచినది.

రైళ్లు నెమ్మదిగా నడిచేవి. బస్సులు పెరిగిన తరువాత ఈ నెమ్మది పెద్ద లోపంగా కనిపించింది. అయినా తక్కువ టిక్కెట్టుతో ఎక్కువ సామాను తీసుకొనిపోయే వీలుండడం వలన కూలీలు, సంతలకు వెళ్లే రైతులు, కొండ గ్రామాలవారు, విద్యార్థులు రైలునే ఆశ్రయించారు.

రెండు రాష్ట్రాల మధ్య

1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణము, సంస్థానంలోని కొంత భాగము ఆ రాష్ట్రంలో కలిశాయి. టెక్కలి, పాతపట్నం ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. ఒకే జమీందారీలో మొదలైన రైలు మార్గము ఆనాటి నుండి రెండు రాష్ట్రాల గుండా పోసాగింది. ఈ విలీనాన్ని వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడి వదలి రాజమండ్రి చేరాడు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా నౌపడ నుండి పాతపట్నం వరకు గల భాగము ఆ జిల్లాలోనిదయింది.

సరిహద్దు మారినా సంబంధాలు తెగలేదు. పాతపట్నం వారికి పర్లాకిమిడి బజారు, పర్లాకిమిడి వారికి నౌపడ జంక్షను అవసరమే. బంధుత్వాలు, వ్యాపారాలు, చదువులు రెండు వైపులా కొనసాగాయి. ఈ రాకపోకలకు రైలు ఒక ఆధారము.

స్వాతంత్ర్యం తరువాత ఈ మార్గము ఆగ్నేయ రైల్వేలో భాగమై, 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వేలో వాల్తేరు డివిజను కిందకు వచ్చినది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏర్పాటు ప్రకారం నౌపడ - పర్లాకిమిడి భాగము దక్షిణ కోస్తా రైల్వేలోని విశాఖపట్నం డివిజనుకు, పర్లాకిమిడి - గుణుపురం భాగము తూర్పు కోస్తా రైల్వేలోని రాయగడ డివిజనుకు కేటాయించబడ్డాయి. 1900 నాటి మార్గము, తరువాతి పొడిగింపు ఈ ఏర్పాటులో మళ్లీ విడివిడిగా కనిపిస్తాయి.

గేజి మార్పిడి

దేశంలోని మార్గాలన్నిటినీ సాధ్యమైనంతవరకు బ్రాడ్‌గేజికి మార్చే కార్యక్రమాన్ని భారతీయ రైల్వేలు 1992లో చేపట్టాయి. గేజి మారే ప్రతిచోటా సరుకు దించి ఎక్కించడం వలన కలిగే ఖర్చు, ఆలస్యం, నష్టం దీనికి ముఖ్య కారణము. నారోగేజికి ప్రత్యేకంగా ఇంజన్లు, పెట్టెలు, విడిభాగాలు తయారు చేయించడం కూడా భారంగా మారింది.

2004 జూన్‌లో నౌపడ - గుణుపురం నారోగేజి సేవలు నిలిచిపోయాయి. పాత పట్టాలు తీసి, కట్టను వెడల్పు చేసి, వంతెనలు బలపరచి కొత్త పట్టాలు వేయవలసి వచ్చింది. తేలిక బరువుకు సరిపోయేట్టు కట్టిన మార్గము పెద్ద బరువుకు పనికిరాదు గనుక ఇది దాదాపు కొత్త మార్గము వేసినంత పని. 2010 జూలైలో పర్లాకిమిడి వరకు, 2011లో గుణుపురం వరకు రైళ్లు మళ్లీ నడిచాయి. మధ్యలో ఆరేడేళ్లు ఈ ప్రాంత ప్రజలకు రోడ్డు ప్రయాణమే దిక్కయినది.

మార్పిడి వలన గుణుపురం నుండి విశాఖపట్నం, పూరీ వంటి దూరపు ఊళ్లకు బండి మారకుండా వెళ్లే వీలు కలిగినది. అదే సమయంలో శతాబ్దం నాటి నారోగేజి మార్గము కనుమరుగైనది. డార్జిలింగ్ (1999), నీలగిరి (2005), కాల్కా - సిమ్లా (2008) మార్గాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. వీటిలో కాల్కా - సిమ్లా మార్గము గేజి పర్లాకిమిడి మార్గానిదే. అయితే ఆ మూడూ పర్యాటకులు వచ్చే కొండ విడుదులకు పోయే దారులు. పర్లాకిమిడి మార్గము మీద ఆధారపడినది నిత్య ప్రయాణికులు. వారికి కావలసినది వేగం, నేరుగా పోయే రైలు. వారసత్వము, అవసరము ఒకదానికొకటి ఎదురైనప్పుడు ఇక్కడ అవసరమే నెగ్గినది.

గుణుపురం నుండి విజయనగరం - రాయపూర్ మార్గంలోని తేరుబలి వరకు 73.62 కిలోమీటర్ల కొత్త మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇది పూర్తయినట్లయితే 1931 నుండి గుణుపురం దగ్గర ఆగిపోయిన దారి రెండు ప్రధాన మార్గాలను కలిపే దారి అవుతుంది.

పొరుగున మరొక చిన్న మార్గము

విజయనగరం - పార్వతీపురం మార్గము 1908-09లో తెరువబడినది. 1913లో బొబ్బిలి నుండి సాలూరుకు శాఖ వచ్చినది. పార్వతీపురం - రాయపూర్ భాగము 1931లో పూర్తయినది. బొబ్బిలి - సాలూరు శాఖ బ్రాడ్‌గేజిదే అయినా, ప్రయాణికులు తక్కువైనందున పూర్తి రైలుకు బదులు చాలాకాలం "రైలు బస్సు" నడిచేది. పట్టాల మీద నడిచే బస్సు వంటి ఒంటి పెట్టె బండి ఇది. పర్లాకిమిడిలో మార్గాన్ని తేలిక చేశారు, సాలూరులో బండిని తేలిక చేశారు. రెండింటి ఉద్దేశమూ ఒకటే: తక్కువ రాకపోకలున్నచోట రైలు సౌకర్యాన్ని పూర్తిగా ఎత్తివేయకుండా నిలుపుకోవడం.

నగర లైట్ రైలుతో పోలిక

నేడు "లైట్ రైల్" అనే మాటను ఎక్కువగా నగర రవాణాకు వాడుతున్నారు. ఈ అర్థంలో ఆ మాట 1972లో అమెరికాలో వాడుకలోకి వచ్చినది. పూర్తి స్థాయి మెట్రో కన్నా చిన్న బండ్లు, తక్కువ సామర్థ్యం, తక్కువ ఖర్చు దీని లక్షణాలు. దీనికి పూర్వరూపము ట్రాము. మద్రాసులో 1895లోనే విద్యుత్ ట్రాములు మొదలై 1953 వరకు నడిచాయి. భారతదేశంలో తక్కువ రద్దీ గల నగరాలకు తగిన "మెట్రోలైట్" ప్రమాణాలను కేంద్ర ప్రభుత్వం 2019లో రూపొందించినది.

ఉత్తరాంధ్రలో విశాఖపట్నం మెట్రో ప్రతిపాదన 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం తరువాత రూపుదిద్దుకొన్నది. ఒక దశలో దీనిని లైట్ మెట్రోగా కూడా ప్రతిపాదించారు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదటి దశకు ఆమోదించిన ప్రణాళికలో 46.23 కిలోమీటర్ల పొడవున మూడు మార్గాలు, 42 స్టేషన్లు ఉన్నాయి. రెండవ దశలో కొమ్మాది నుండి విజయనగరం జిల్లాలోని భోగాపురం విమానాశ్రయం వరకు 30.67 కిలోమీటర్లు ప్రతిపాదించారు.

గ్రామీణ లైట్ రైల్వే, నగర లైట్ రైలు ఒకటి కావు. బండ్లు, వేగము, ప్రయాణికులు అన్నీ వేరు. అయినా రెండింటికీ వర్తించే విషయాలు పర్లాకిమిడి చరిత్రలో కనిపిస్తాయి. మొదటిది, తక్కువ ఖర్చుతో వేసిన మార్గాన్ని తరువాత పెంచడం చవక కాదు. కట్ట, వంతెనలు మళ్లీ కట్టవలసి రావచ్చు. రెండవది, మరొక మార్గంతో కలిసేచోట ప్రయాణికుడు గాని సరుకు గాని ఎంత తేలికగా మారగలదన్నది కీలకము. నౌపడలో బండి మార్చడం ఈ మార్గానికి చివరివరకు ఇబ్బందిగానే మిగిలినది. మూడవది, మొదటి సంవత్సరాల లెక్కలను బట్టి మార్గము విలువను తేల్చరాదు. పర్లాకిమిడి మార్గానికి 1910లో ఒక సమాధానం, 1925లో ఒక సమాధానం, 1931 తరువాత మరొక సమాధానం లభించినవి.

ముఖ్య సంవత్సరాలు

1893 - 1896: ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే ప్రారంభము.
1898: నౌపడ - పర్లాకిమిడి మార్గము పనుల ఆరంభము.
1900: మార్గము రాకపోకలకు తెరువబడినది.
1910: ఈ సంవత్సరం తరువాత స్వల్ప లాభాలు.
1929, 1931: గుణుపురం వరకు రెండు దశలలో పొడిగింపు.
1936: ఒడిషా రాష్ట్ర అవతరణ, మార్గము రెండు రాష్ట్రాలలోకి విభజన.
2003: తూర్పు కోస్తా రైల్వే పరిధిలోకి మార్పు.
2004: నారోగేజి సేవల నిలిపివేత.
2010, 2011: బ్రాడ్‌గేజి మార్గము పర్లాకిమిడి వరకు, తరువాత గుణుపురం వరకు.
2024: గుణుపురం - తేరుబలి కొత్త మార్గానికి ఆమోదము.